సిస్టరుగారు చూడని సినిమా

ఆవిడ పోయారన్న కబురు ఫోనులో వచ్చేసరికి నేను తొమ్మిదో తరగతి పిల్లలకి బోర్డు మీద గుండె బొమ్మ గీస్తున్నాను. సగం గుండె దగ్గర ఆగిపోయి, చాక్‌పీసు బల్ల మీద పెట్టి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఒక మనిషి పోయిందంటే ముందు ఆ మనిషి మొహమో మాటో గుర్తుకు రావాలి కదా. నాకు ముందు గుర్తొచ్చింది చెంపదెబ్బ. ఎడమ చెంప మీద ఒకటి, కుడి చెంప మీద ఇంకొకటి. రెండూ గట్టివే.

ధవళేశ్వరానికి దిగువన కాలవ గట్టు మీద ఉంటుంది మా స్కూలున్న ఊరు. ఆవిడ మిషను ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసి, రిటైరై ఆ ఊళ్ళోనే స్థిరపడ్డారు. ఊళ్ళో హిందువులూ క్రైస్తవులూ అందరూ సిస్టరుగారనే పిలిచేవారు. పొట్టి మనిషి, తెల్ల చీర, గట్టి గొంతు. చేతి గడియారం ముఖం మణికట్టు లోపలి వైపుకి తిప్పి పెట్టుకునేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాళ్ళ చెయ్యి పట్టుకోవడం ఆవిడ అలవాటు. కొత్తవాళ్ళు అది ఆప్యాయత అనుకునేవారు. బజార్లో చింతచిగురు ఎంత ప్రియం అయిపోయిందో చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి "ఎనభై నాలుగు" అనేవారు. అది చింతచిగురు ధర కాదు, మన నాడి.

"ఎనభై నాలుగంటే కంగారేం లేదు గానీ, రాత్రి సరిగ్గా పడుకోలేదు కదూ?" అని చెయ్యి వదిలేసి, మళ్ళీ చింతచిగురు దగ్గరికి వెళ్ళిపోయేవారు.

నేను ఆ ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం మేస్టారిని. మాది కోనసీమలో పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. జీవశాస్త్రం చెప్పేవాడికి నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయన్న సంగతి నేను ఎక్కడా బయటపెట్టలేదు. కప్పని కొయ్యడం కూడా చార్టు మీదే కానిచ్చేసేవాణ్ణి.

ఆ గుట్టు కాస్తా గుడ్‌ఫ్రైడే నాడు రట్టయింది.

ఊళ్ళో లూథరన్ చర్చి ఉంది. ఏటా గుడ్‌ఫ్రైడే సాయంత్రం చర్చి పక్కన రేకుల హాల్లో యేసు ప్రభువుని సిలువ వెయ్యడం గురించిన సినిమా వేస్తారు. అద్దె ప్రొజెక్టరు ఒకసారి మధ్యలో ఆగిపోయిందని, మరుసటి ఏడాది చర్చివాళ్ళు వచ్చి మా స్కూలు ప్రొజెక్టరు అడిగారు. మా హెడ్మాస్టరుగారు కాదనలేదు. "కానీ మేస్టారూ, అది గవర్నమెంటు వస్తువు. దాని వెంట మీరూ వెళ్ళండి. మీరే ఆన్ చెయ్యండి, మీరే ఆఫ్ చెయ్యండి" అన్నారు. అలా నాకు ఆ సినిమాతో సంబంధం కలిసింది.

పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో ఆరాధన, నాలుగింటికి హాల్లో సినిమా. వెలుతురు రాకుండా కిటికీలకి టార్పాలిన్లు కట్టేశారు. వెలుతురుతో పాటు గాలి కూడా రావడం మానేసింది. ఏప్రిల్ ఎండకి పైన రేకులు పెనంలా ఉన్నాయి. కింద చాపల మీదా కుర్చీల్లోనూ జనం, వాళ్ళలో సగం మంది పొద్దుటి నుంచీ ఉపవాసం. తెరకి పక్కగా ఒక స్టూలు మీద సిస్టరుగారు కూర్చున్నారు. తెరకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి. కాళ్ళ దగ్గర మంచినీళ్ళ బిందె, గ్లూకోజు పొట్లాలు, విసనకర్ర, బీపీ మిషను. పాపం మెడ పట్టేసిందేమో అనుకున్నాను.

సినిమా మొదలై గంటన్నర బాగానే నడిచింది. తరవాత సైనికులు ఆయన్ని రాతిస్తంభానికి కట్టారు. ఒకడు కొరడా తీశాడు. మొదటి దెబ్బకి హాలంతా "అయ్యో" అంది. రెండో దెబ్బకి వీపు చిట్లి ఎర్రగా... మూడో దెబ్బ నేను చూళ్ళేదు. నాకు తగిలిన తరవాతి దెబ్బలు సిస్టరుగారివి.

కళ్ళు తెరిచేసరికి నేల మీద పడుకుని ఉన్నాను. నా కాళ్ళు కుర్చీ మీద ఉన్నాయి. ఆవిడ నా మీదకి వంగి, "ఏమండీ మేస్టారూ, మధ్యాహ్నం ఏం తిన్నారు?" అని అడుగుతున్నారు.

"ఏం తినలేదండి. ప్రొజెక్టరు హడావిడిలో..."

ఈలోగా కొత్తగా వచ్చిన పాస్టరుగారు మైకు అందుకున్నారు. అక్కడ పాస్టరుగారిని అయ్యగారంటారు. మంచి ఉత్సాహవంతుడు. "ప్రియులారా! మన మధ్యకి వచ్చిన మేస్టారుగారి హృదయాన్ని ప్రభువు ముట్టాడు!" అన్నారు. హాలంతా "స్తోత్రం" అంది.

సిస్టరుగారు తల తిప్పకుండానే అన్నారు. "ముట్టింది ప్రభువు కాదు అయ్యగారూ, నేను. రెండు చెంపలూ ముట్టాను. ఈయన పొద్దుటి నుంచీ ఏం తినలేదంట. మైకు కాస్త కట్టేసి, ఆ బిందె ఇటు జరపండి."

ఆవిడ సిద్ధాంతం ఒక్కటే. "భక్తికి ఎవరూ పడిపోరు మేస్టారూ. ఖాళీ కడుపుకి పడతారు. పైన రేకులు, కింద ఉపవాసం, మధ్యలో ఏడుపు. ఎవరైనా పడతారు." అయ్యగారికి మాత్రం పడిపోయిన ప్రతివాళ్ళూ ప్రభువు మహిమకి ఒక సాక్ష్యం. ఇద్దరికీ అక్కడ పొసగేది కాదు.

సోమవారానికి ఆ కబురు గోదావరి దాటి మా ఊరు చేరింది. నాన్నగారు ఫోను చేశారు.

"ఏరా, మునిగావటగా?"

"ఎక్కడండీ నాన్నగారూ?"

"అది నన్నడుగుతావేంటి?"

నేను బాప్తిస్మం తీసుకోలేదని ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. నేను స్టాఫ్‌రూములో తల పట్టుకుని కూర్చుంటే, మధ్యాహ్నం సిస్టరుగారు గొడుగేసుకుని స్కూలుకి వచ్చారు. నా చెయ్యి పట్టుకున్నారు. "నూట రెండు. ఏంటంత కంగారు?" అన్నారు. సంగతి చెప్పాను. వెంటనే నా నోటుబుక్కులోంచి ఒక కాయితం చింపి, నిలబడే రాసిచ్చారు.

"ఈ మేస్టారు గారు నెత్తురు బొమ్మ చూచి, ఖాళీ కడుపున పడిపోయెను. మతపరమైన కారణములు ఏమియు లేవు. నాడి బలహీనము. మనిషి మంచివాడు."

కింద సంతకం, రిటైర్డు స్టాఫ్ నర్సు అని. దాన్ని ఫొటో తీసి నాన్నగారికి పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది. "ఆవిడెవరో గానీ నాడి బాగా చూసిందిరా" అని.

ఆ తరవాత నుంచి ప్రతి గుడ్‌ఫ్రైడేకీ నేను ప్రొజెక్టరు మోసుకెళ్ళేసరికి స్టీలు డబ్బాలో రెండిడ్లీ సిద్ధంగా ఉండేవి. అవి నా కడుపులో పడ్డాకే స్విచ్చి వెయ్యనిచ్చేవారు. కొరడా తీసే సీను వచ్చేముందు నేను వైర్లేవో సర్దుతున్నట్టు వంగేవాణ్ణి. ఆవిడ అటునుంచి చూసి నవ్వేవారు. ఊళ్ళో నన్ను పడిపోయిన మేస్టారు అనడం కూడా మొదలైంది. ఎవరు మొదలెట్టారో నాకు తెలుసు.

అలా వంగి వంగి నేనూ తెర చూడటం మానేసి జనాన్ని చూడటం మొదలెట్టాను. అప్పుడు తెలిసింది, ఆవిడ చూసే సినిమా వేరని. తీర్పు చెప్పే గవర్నరు పిలాతు దగ్గరికి వచ్చేసరికి మూడో వరసలో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తాగారు ఒకాయన ఆగలేకపోయేవారు. "మీరు సంతకం పెట్టకండి సార్! ఫైలు పై ఆఫీసుకి పంపించెయ్యండి!" అని అరిచేవారు. ఏటా అరిచేవారు. పిలాతు ఏటా చేతులు కడుక్కునేవాడు. కొరడా సైనికుణ్ణి చాపల మీది ముసలమ్మలు "నీ చెయ్యి పడిపోనూ" అని తిట్టేవారు. కుర్రాళ్ళు ఫోన్లు జేబులో పెట్టేసేవారు. మగవాళ్ళు కండువా నోట్లో కుక్కుకునేవారు.

ఇక రత్నమ్మగారు. బట్టలు కుట్టుకుని బతికే మనిషి, యాభై దాటి ఉంటాయి. సిలువ మోసుకెళ్ళే దారిలో తల్లి ఎదురొచ్చే సీనులో ఆవిడ ఏడుపు మొదలయ్యేది. ముందు సన్నగా, కుక్కర్లో ఆవిరి పట్టినట్టు. తల్లి కొడుకు మొహం తుడవగానే విజిలే. ఆ విజిలుతో మిగతా ఆడవాళ్ళందరూ అందుకునేవారు.

"ఒక్కసారీ తిరిగి చూడకుండా, ఏ సీను నడుస్తోందో మీకెలా తెలుస్తుందండీ?" అని అడిగాను ఒకసారి.

"ఇంతమంది చెబుతుంటే నాకు తెర ఎందుకు మేస్టారూ?" అన్నారు. "ఏడ్చేవాళ్ళతో బెంగలేదు. ఏడుస్తున్నారంటే ఊపిరి ఆడుతోందనేగా. నోరెత్తకుండా చెమటలు పట్టే వాళ్ళని కనిపెట్టుకోవాలి."

ఇన్నేళ్ళుగా ఆవిడ మన కోసం సినిమా చూడకుండా త్యాగం చేస్తున్నారని సంఘంలో అందరికీ ఒక గౌరవం. ఒక ఏడాది అయ్యగారికి ఆ రుణం తీర్చాలనిపించింది. సినిమాకి ముందు ఆవిణ్ణి పిలిచి శాలువా కప్పి, "ఈసారి మన సిస్టరుగారు ముందు వరసలో కూర్చుని, ఆ గొప్ప చిత్రాన్ని కళ్ళారా చూస్తారు" అని ప్రకటించారు. స్టూలు మీద రాజమండ్రి ఆసుపత్రిలో పనిచేసే ఒక డాక్టరమ్మని, సంఘపెద్ద కోడల్ని, కూర్చోబెట్టారు.

"వద్దు అయ్యగారూ, నాకిక్కడే బావుంటుంది" అన్నారు సిస్టరుగారు.

"మీరలా అనకూడదు. ఇది సంఘం నిర్ణయం."

చప్పట్లు కొట్టారు. ఆవిడ వెళ్ళి ముందు వరస కుర్చీలో కూర్చున్నారు. ఇంజెక్షనుకి చెయ్యి చాపిన చిన్నపిల్లలా ఉంది మొహం.

డాక్టరమ్మ పది నిమిషాలు జనం వైపు చూసింది. పదకొండో నిమిషానికి తెర వైపు తిరిగిపోయింది. అరగంటకి చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. పాపం, ఆవిడా మనిషే. నేను ప్రొజెక్టరు దగ్గర నుంచి సిస్టరుగారినే చూస్తున్నాను. స్తంభం సీను వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. కొరడా చప్పుడు వినపడ్డప్పుడల్లా శాలువా కింద భుజం అదిరిపడుతోంది. ముప్పై నాలుగేళ్ళు ఆపరేషన్ల గదిలో నిలబడ్డ మనిషి! నాకేమీ అర్థం కాలేదు.

సిలువ ఎత్తుకున్నారు. దారి పొడుగునా జనం. తల్లి ఎదురొచ్చింది. కొడుకు మొహం తుడిచింది.

సిస్టరుగారు కళ్ళు తెరిచారు. తెర వైపు చూడలేదు, చెవి ఒగ్గి విన్నారు.

"రత్నమ్మ ఏడవట్లేదేంటి?" అన్నారు పైకే.

వెంటనే లేచి నిలబడ్డారు. ఆవిడ నీడ తెర మీద ఇంత పొడుగున పడింది. "లైట్లు! లైట్లు వెయ్యండి!"

"సిస్టరుగారూ, కూర్చోండి. ముఖ్యమైన ఘట్టం" అన్నారు అయ్యగారు.

"ఘట్టం వచ్చే ఏడాది కూడా ఉంటుంది అయ్యగారూ. రత్నమ్మ ఉండొద్దా?"

నేను సినిమా ఆపేశాను. లైట్లు వెలిగాయి. వెనక గోడకి ఆనుకుని రత్నమ్మగారు తల వాల్చేసి ఉన్నారు. పక్కవాళ్ళు ప్రార్థన చేసుకుంటోందనుకున్నారట. జాకెట్టు చెమటతో తడిసి ముద్దయింది. సిస్టరుగారు చాపల మధ్య నుంచి ఎలా వెళ్ళారో గానీ, నేను చూసేసరికి ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఉన్నారు.

"ఎక్కడ నొప్పమ్మా?"

"దవడ... ఈ చెయ్యి లాగేస్తోంది..."

"ఏం పర్లేదు, నేనున్నాను. మాట్లాడకు." తరవాత గొంతెత్తారు. "డాక్టరుగారూ, ఇటు రండమ్మా. గుండె. మీ మందుల సంచీ తెండి. అయ్యగారూ, మీ కారు తియ్యండి."

డాక్టరమ్మ పరుగున వచ్చింది. సంచీలోంచి మాత్ర తీసి రత్నమ్మగారి చేత నమిలించింది. కారు వెనక సీట్లో ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని సిస్టరుగారు, ముందు డాక్టరమ్మ, స్టీరింగు పట్టుకుని అయ్యగారు రాజమండ్రి బయల్దేరారు. హాల్లో ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. సినిమా పెట్టమనీ ఎవరూ అడగలేదు. తెర మీద ఆ తల్లి మొహం అలాగే ఆగిపోయి ఉంది. ప్రొజెక్టరు వేడెక్కిపోతున్నా ఆపబుద్ధి కాలేదు. జనం మోకాళ్ళ మీద కూర్చుని రత్నమ్మగారి కోసం ప్రార్థన చేస్తుంటే, నాకు తెలిసినదేదో నేనూ లోపల చదువుకున్నాను. గంటన్నరకి అయ్యగారి ఫోను వచ్చింది. గండం గడిచిందని చెబుతూ ఆయనే ఏడ్చేశారు.

రత్నమ్మగారు పదిరోజులకి మళ్ళీ కుట్టు మిషను ముందు కూర్చున్నారు. మరుసటి ఏడాది నుంచీ స్టూలు సంగతి ఎవరూ ఎత్తలేదు. అది సిస్టరుగారిదే అయింది.

రత్నమ్మగారు పడిపోయిన ఏడాదే, వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం సిస్టరుగారింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ అడిగేశాను.

"ఆ రోజు మీరు కళ్ళెందుకు మూసుకున్నారండీ?"

"చూశారన్నమాట" అన్నారు.

"చూశానండి."

"దెబ్బలు తిన్నవాణ్ణి ఎంతసేపైనా చూడగలను మేస్టారూ. కడతాను, కుడతాను, రాత్రంతా పక్కన కూర్చుంటాను. కొడుతుంటే చూడలేను. ఆసుపత్రికి ఎవరొచ్చినా దెబ్బ తగిలాకే కదండీ వస్తారు. తగులుతుంటే నేనెప్పుడూ చూళ్ళేదు. మొదటిసారి ఆ సినిమా ఆసుపత్రిలోనే వేశారు. కొరడా సీనుకి లేచి పారిపోయాను. వార్డులో డ్యూటీ ఉందని అబద్ధం చెప్పాను. ఇక్కడ స్టూలు వేసుకున్నది అందుకే. వీళ్ళేమో త్యాగం అంటారు."

"మరి మిగతా సినిమా?"

"చూళ్ళేదు. ఎప్పుడూ చూళ్ళేదు."

నా సంచీలో లాప్‌టాప్ ఉంది. అందులో సినిమా ఉంది. "కొట్టేవన్నీ దాటించేస్తానండి. మిగతాది చూద్దురుగాని" అన్నాను.

"అలా చూడొచ్చంటారా? తప్పు కాదూ?"

"నన్నడుగుతారేంటండీ, పురోహితుడి కొడుకుని."

"అందుకే అడుగుతున్నాను. మీవాళ్ళు దేనికైనా ఏదో ఒక మార్గం చెబుతారుగా!"

"చూడొచ్చండి" అన్నాను, మా వంశం తరఫున.

లోపల బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. రొట్టెలూ చేపలూ పంచే చోట, "ఇంతమందికి వడ్డించేది పన్నెండు మందేనా?" అని బెంగపెట్టుకున్నారు. ఆయన శిష్యుల కాళ్ళు కడుగుతుంటే ముందుకి వంగి, "వేళ్ళ మధ్య కూడా తుడవాలి... ఆఁ, తుడిచాడు" అని సంతోషించారు. స్తంభం వచ్చేముందు నేను బాణం గుర్తు నొక్కాను. కొరడా, ముళ్ళ కిరీటం, మేకులు అన్నీ రెండు నిమిషాల్లో గిర్రున దాటిపోయాయి. నాకూ ప్రాణం హాయిగా ఉంది.

సిలువ మీంచి దేహాన్ని దించే చోట ఆపాను. ఆవిడ లేచి నిలబడ్డారు.

"తల! తల పట్టుకోండి బాబూ, వేలాడనివ్వకండి. ఒకళ్ళు నడుం కింద చెయ్యి వెయ్యండి. నెమ్మదిగా... నెమ్మదిగా..." అంటూ రెండు చేతులూ చాపి ఉన్నారు. దేహం తల్లి ఒడిలోకి చేరాక కుర్చీలో కూలబడ్డారు. "వాళ్ళమ్మకి కాసిని మంచినీళ్ళు ఇవ్వండి ఎవరైనా" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అలాంటి తల్లుల చేతుల్లో ఎంతమంది బిడ్డల్ని పెట్టి వచ్చారో నేను అడగలేదు. అప్పటికీ ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి.

మూడో రోజు తెల్లవారింది. ఆడవాళ్ళు సమాధి దగ్గరికి వచ్చారు. రాయి దొర్లి ఉంది. లోపల ఎవరూ లేరు. రాతి అరుగు మీద ఆయనకి చుట్టిన నారబట్ట, తలకి చుట్టిన గుడ్డ వేరుగా, శుభ్రంగా మడతపెట్టి ఉంది.

"ఆపండి, ఆపండి" అన్నారు సిస్టరుగారు.

ఆపాను. ఆవిడ తెర దగ్గరికి మొహం పెట్టి చూశారు. వేలితో ఆ మడత అంచు ముట్టుకున్నారు.

"మడతపెట్టి వెళ్ళాడండీ" అన్నారు. "ముప్పై నాలుగేళ్ళలో ఎంతమందిని ఇంటికి పంపానో లెక్కలేదు. బతికితే చాలు దేవుడా అని పరిగెత్తేవాళ్ళు. దుప్పటి ఎక్కడ పడిందో చూసిన పేషెంటు ఒక్కడు లేడు. తెల్లారేసరికి మళ్ళీ మేమే దులిపి, మడతపెట్టుకునేవాళ్ళం. ఈయన చూడండి. అన్ని దెబ్బలు తిని, చచ్చి, లేచి... వెనకొచ్చే వాళ్ళకి పని మిగల్చకుండా మడతపెట్టి వెళ్ళాడు."

అప్పుడు ఏడ్చారు. చప్పుడు లేకుండా మొదలై, భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చారు. గ్లూకోజు ఎక్కడుందో నాకు తెలీదు. కాసేపటికి కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"కాస్త వెనక్కి తిప్పండి మేస్టారూ. ఆ మడత ఇంకోసారి చూపించండి."

మూడుసార్లు చూపించాను. నాలుగోసారి ఆవిడ అడగలేదు. నేనే పెట్టాను.